సాలీడు పాకింది అంటాం సరే, పాకింది సాలీడేనా?

అమలాపురం చెల్లాయి పెట్టిన ఫోటో చూశానండి, కింద మనవాళ్ళు రాసినవన్నీ కూడా చదివాను. అరచేతి వెడల్పున కాళ్ళు చాపుకుని సావిట్లో గోడకి అతుక్కుని ఉంది, దీన్ని మన వైపు ఏమంటారు, పాకితే ఒళ్ళు పొక్కుతుందంటారు నిజమేనా అని ఆవిడ అడిగింది. సగం మంది పేరు చెప్పకుండా చీపురు తియ్యమని రాశారు. అడిగింది భాషా గుంపులో కాబట్టి నేను పేర్ల దగ్గర్నుంచే వస్తాను, అసలు ఈ భయంలో చాలా మటుకు పేర్లలోంచి వచ్చిందేనని నా గట్టి నమ్మకం.

సాలీడు, సాలెపురుగు. సాలె అంటే నేతగాడు, అందరికీ తెలిసిందే. సంస్కృతంలోంచి తెచ్చుకున్న తంతువాయం అన్నా నేసేదనే, ఊర్ణనాభి అంటే బొడ్డులోంచి నూలు తీసేదని (నూలు వచ్చేది పొట్ట చివర్నుంచి లెండి, పేరు పెట్టినవాళ్ళు దగ్గర దగ్గరకి వచ్చారు). ఇవన్నీ ఒక గుంపు. రెండో గుంపులో లూత, చెలది ఉన్నాయి. శ్రీకాళహస్తి సాలెపురుగుని పద్యంలో లూత అనే చదువుకున్నాం, ధూర్జటి "ఏ వేదంబు పఠించె లూత" అన్నాడు కదా. ఆ లూతకే చర్మానికి వచ్చే ఒక రోగం అనే అర్థం కూడా ఉంది. చెలదికి తమిళంలో చుట్టం సిలంది, వాళ్ళకీ అది ఒక పక్క సాలెపురుగు, ఇంకో పక్క పుండు. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, విషాల గురించి చెప్పే కల్పస్థానంలో అయితే ఏకంగా కథే ఉంది, విశ్వామిత్రుడి మీద కోపంతో వశిష్ఠుడి నుదుటి చెమట బొట్లు కోసి పడేసిన గడ్డి మీద పడితే అందులోంచి ఇవి పుట్టాయట, కోసిన గడ్డి లూనం కాబట్టి వీటికి లూతలని పేరట, మొత్తం 16 రకాలని లెక్క చెప్పి వాటి విషానికి ఏ లక్షణాలుంటాయో కూడా రాశారు.

అంటే మన భాషలో ఈ జీవికి ఉన్న పేర్లు చూస్తే ఒక చెయ్యి నేత మీద ఉంది, ఇంకో చెయ్యి పుండు మీద ఉంది. చెల్లాయి ఫోటోలో ఉన్నది మటుకు వల కట్టదు, పుండూ చెయ్యదు. అందుకే ఎవరికీ దాని పేరు నోటికి రాలేదనుకుంటాను.

అది హంట్స్‌మన్ అనే జాతి అండి. సైన్సు పేరు హెటెరోపోడా వెనటోరియా, అందులో వెనటోరియా అన్న మాట జీవులకి సైన్సు పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1767లో పెట్టాడు, అంటే వేటాడేదని. గుర్తుపట్టడం కష్టమేం కాదు. ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది, కాళ్ళు పీతకి లాగా పక్కలకి తిరిగి ఉంటాయి, కాళ్ళతో కలిపి 7 నుంచి 12 సెంటీమీటర్లు సాగుతుంది గానీ ఒళ్ళు మటుకు 2, 3 సెంటీమీటర్లే. ఫోటో పెద్దది చేసి చూస్తే మొహం మీద కళ్ళ కింద తెల్లటి అడ్డగీత కనపడుతుంది, కళ్ళు నాలుగేసి చొప్పున రెండు వరసలు. మగదానికి పొట్ట చిన్నది, కాళ్ళు ఇంకా పొడుగు. పగలంతా క్యాలెండరు వెనకో తలుపు చాటునో పెంకుల సందులోనో నక్కి ఉండి రాత్రి లైటు ఆర్పాక బయటికొచ్చి బొద్దింకల్ని పట్టుకుంటుంది, మా కొట్టుగదిలో ధాన్యం బస్తాల పక్కన నేనే చూశాను, బొద్దింక మీసాలు ఇంకా కదులుతున్నాయి, ఇది మటుకు పట్టు వదలకుండా కదలకుండా గోడ మీదే ఉంది. ఇది అరటి గెలల్లో దాక్కుని ఓడలెక్కి వేడి దేశాలన్నిటికీ పాకింది, ఇంగ్లీషువాళ్ళు బనానా స్పైడర్ అని కూడా అంటారు. రావులపాలెం అరటి మార్కెట్టు చుట్టూ ఉన్న మనకి అది ఇంట్లోకి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

విషం సంగతి. వేటాడే జీవి కాబట్టి కోరల్లో విషం ఉంటుంది, అది బొద్దింకకి సరిపడా. చేత్తో నొక్కి పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి పుడుతుంది, కొంచెం వాస్తుంది, తగ్గిపోతుంది. ఊరికే ఒంటి మీంచి పాకితే పొక్కులు రావు.

మరి పొద్దున్న లేచేసరికి మెడ మీద ఎర్రగా చార కట్టి, మంట పెట్టి, నీటి పొక్కులొస్తే "సాలీడు పాకింది", "సాలీడు ఉచ్చపోసింది" అంటారు కదా, మా ఇంట్లోనూ అంతే. అది చేసేది చాలాసార్లు పీడెరస్ అనే పురుగండి. సెంటీమీటరు లోపే ఉంటుంది, తల నలుపు, మెడ భాగం నారింజ ఎరుపు, నడుం మీద నీలం పచ్చ కలిసిన చిన్న రెక్కల కప్పు, మళ్ళీ ఎరుపు, తోక కొస నలుపు. వరి చేలల్లో ఉంటుంది, సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ ట్యూబులైటుకి వచ్చి పక్క మీద పడుతుంది. కుట్టదు, కరవదు. నిద్దట్లో మనం చేత్తో నలిపేస్తే దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే రసం చర్మానికి అంటుతుంది, ఎటు నలిపి రాస్తే అటు చార. ఒక రోజు ఆగి గానీ మంట మొదలవదు, అప్పటికి ఆ పురుగు ఎక్కడుందో ఎవడికి తెలుసు, తలెత్తి చూస్తే గోడ మీద సాలీడు కనపడుతుంది, నింద దాని మీద పడిపోతుంది. మోచేతి మడతలో అయితే పైనా కిందా ఎదురెదురుగా రెండు మచ్చలు పడతాయి, అలా పడితే ఇక ఇది పీడెరస్సే అనుకోవచ్చు. ఒంటి మీద కనపడితే నలపకుండా ఊదెయ్యండి, నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, పక్క మీద లైటు పడకుండా చూసుకోండి.

ఇంకో మాట, ఇది మటుకు అందరూ శ్రద్ధగా చదవాలి. మన డెల్టాలో పురుగు అంటే పాము కూడా. రాత్రిళ్ళు పాము పేరెత్తకూడదని "పురుగు ముట్టింది" అంటాం. దానివల్ల ఒక ప్రమాదం ఉంది. కింద పడుకున్నవాళ్ళు తెల్లవారుజామున లేచి ఏదో పురుగు కుట్టినట్టుందంటే ఇంట్లోవాళ్ళు సాలీడో చీమో అనుకుని సున్నం రాసి ఊరుకుంటారు. కట్లపాము కాటుకి చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసికెళ్ళాలి. అక్కడ డాక్టరు దగ్గర కూడా పురుగు అనకండి, కట్లపామేమోనని అనుమానంగా ఉందండి అని ఆ మాటే చెప్పండి.

రాజోలు అన్నయ్యకి: వల కట్టదంటున్నావు మరి పండక్కి దులిపే బూజు ఎవరిది అన్నారు కదా. మూలల్లో సన్నగా పొడుగు కాళ్ళతో తలకిందులుగా వేలాడతాయి చూడండి, ముట్టుకుంటే ఒళ్ళంతా గిజగిజా ఊపేస్తాయి, వాటిదండి ఆ బూజు. ఊరగాయ మీద పట్టేదీ బూజే, మూల పట్టేదీ బూజే, ఈ మాటకి ఆ రెండర్థాలూ ఎలా కలిసాయో విడిగా ఇంకో పోస్టు పెట్టుకోవాలి.

భీమవరం నుంచి రాసిన మేష్టారికి: మీరు చేలో చూసినది ఇది కాదండి. గుడ్ల సంచి వెనక తగిలించుకుని తిరిగింది, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుంది అన్నారు కాబట్టి అది తోడేలు సాలీడు జాతి. మన హంట్స్‌మన్ ఆడది అయితే గుండ్రటి తెల్ల బిళ్ళ లాంటి గుడ్ల సంచిని ముందు వైపు పొట్ట కింద పట్టుకుని తిరుగుతుంది. మీ చేలోది వరి రసం పీల్చే సుడిదోమని తింటుంది, ఇష్టమొచ్చినట్టు మందు కొడితే ముందు పోయేది ఇవి, తరవాత దోమ రెట్టింపై వస్తుంది. ఇందాకటి పీడెరస్ కూడా చేలో దోమని తినేదే, అందుకని దాన్ని కూడా పగబట్టి చంపమని నేను చెప్పను.

వల కట్టనిదాన్ని సాలీడు అనడం తప్పు కదా, పేరు మార్చాలి అన్న తమ్ముడితో నేను ఒప్పుకోను. ఆ తెల్ల బిళ్ళ ఏంటనుకున్నావు, పట్టుతో నేసిందే. కాబట్టి సాలీడు పేరు దానికి చెల్లుతుంది, కావాలంటే ముందు వేట చేర్చి వేటసాలీడు అందాం, లిన్నేయస్ పెట్టిన పేరుకి కూడా దగ్గరగా ఉంటుంది. కొత్తగా నోరు తిరగని సంస్కృతం పేరు మటుకు వద్దు.

నాకు మీ అందరి దగ్గర్నుంచి కావలసింది వేరే ఉంది. లైటు కింద వాలే ఆ ఎరుపు నలుపు పురుగుకి మీ ఊళ్ళో ఏదైనా పేరుందా? నాకు ఎవరి నోటా వినపడలేదు, దానికి పేరు లేకపోబట్టే సాలీడు పేరు వాడుకున్నామేమో అనిపిస్తోంది. ముసలాళ్ళని అడగండి, ముఖ్యంగా కోతలకి వెళ్ళే ఆడవాళ్ళని అడగండి, వాళ్ళకే దాంతో ఎక్కువ పని. పేరుతో పాటు ఊరు కూడా రాయండి, లంకల్లో ఒకటంటారేమో, మెరకన ఇంకోటంటారేమో.