సమస్యాపూరణం: ‘భాగహారమందె పద్దు పెరిగె’

నిర్వాహకుడు (నల్లగొండ): ఈ వారం ఆటవెలది. జీవకణం ఎదుగుదల మీద రాయాలి, చివరి పాదం పైదే.

మిర్యాలగూడ సభ్యుడు:

అన్నదమ్ములిద్ద రాస్తి పంచుకొనిరి
బోరు రెండు వేసి పోరు పెంచి
వడ్డి షావుకారు వహి దెరచెను చూడ
భాగహారమందె పద్దు పెరిగె

నిర్వాహకుడు: బోరు, పోరు మన ఊళ్ల కథే సార్. కానీ కణమేది?

నకిరేకల్ సభ్యురాలు:

కల్లు కుండలోన కణ మొక్కటే యుండె
సగము సగము గాగ జాము గడిచె
రెండు నాల్గు గాగ గుండ నిండె నురుగు
భాగహారమందె పద్దు పెరిగె

దేవరకొండ సభ్యుడు: రెండు–గుండ ప్రాసయతి (రెండో అక్షరాల జత) ముచ్చటగా కుదిరింది మేడం. పేచీ అంతా ‘సగము సగము’ దగ్గరే. కల్లును పులియబెట్టే మామూలు ఈస్టు (ఒకే కణమున్న సూక్ష్మజీవి) నడిమికి చీలదు, మొగ్గ వేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే పెద్ద గుండును అంటుకొని చిన్న గుండు ఉంటుంది. విడిపోయాక తల్లి ఒంటి మీద మచ్చ మిగులుతుంది. పిల్ల చిన్నది కాబట్టి తగినంత ఎదిగాకే తన మొగ్గ మొదలుపెడుతుంది. తల్లికి అంత ఆగే పని లేదు. అసలు ఎదగకుండా సగమవుతూ పోతే పది తరాలకు ఒక్కోటి వెయ్యోవంతుకు దిగాలి కదా! పిల్ల ఎదిగేదాకా ఆగాలన్న సంగతి పద్యంలో కనబడాలి.

నకిరేకల్ సభ్యురాలు: ఒప్పుకున్నా సార్. మళ్లీ రాశాను.

తల్లి మేన మొగ్గ తనయయై విడిపోయె
చిన్నదాని కీడు చేరవలయు
ఎదిగి తాను మొగ్గ యిడెను తల్లిగ మారి
భాగహారమందె పద్దు పెరిగె

నిర్వాహకుడు: ‘కీడు’ అని చదివి కంగారుపడ్డా! ‘కి’ తర్వాత ‘ఈడు’. ఇదే ఈ వారం మేలైనది.

మిర్యాలగూడ సభ్యుడు: మరి నిజంగా సగానికి చీలే ఈస్టే లేదా?

దేవరకొండ సభ్యుడు: ఉంది, పోంబే. తూర్పు ఆఫ్రికా బీరులో దొరికింది. స్వాహిలీలో పోంబే అంటే బీరే. కడ్డీలా ఉంటుంది, లావెక్కదు, పొడవే సాగుతుంది. సుమారు 14 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వచ్చాక నడిమికి చీలుతుంది. 1970లలో ఎడిన్‌బరాలో శాస్త్రవేత్త పాల్ నర్స్‌కు పొట్టిగా ఉండగానే చీలే రకం కనబడింది. దానికి ‘వీ’ అని పేరు పెట్టారు, స్కాట్లాండ్ వాళ్ల మాటలో చిన్నది అని. మనమైతే ‘బుడ్డ’ అనేవాళ్లం. ఆ రకంలో చెడిన జన్యువు మామూలుగా బ్రేకు లాంటిది. అది పని చేయకపోతే ఈడు రాకముందే చీలిక. కణ విభజన పరిశోధనకు ఆయన 2001లో నోబెల్ పంచుకున్నారు.

మిర్యాలగూడ సభ్యుడు: ‘బుడ్డ’కు ప్రాసయతిగా ‘వడ్డి’ నా దగ్గర ఉండనే ఉంది. రాత్రికి పంపుతా.