అప్‌డేట్: కార్డిఫ్ పక్కింటావిడ మెసేజ్‌లోని ఆ మాట పలికేది 'కుచ్' అని

పోయిన నెల ఇక్కడ అడిగాను, గుర్తుందా? మా పాపకి జ్వరమొస్తే పక్కింటి పెద్దావిడ 'పాపకి నా తరఫున ఒక...' అని సి, డబ్ల్యూ, టి, సి, హెచ్ అక్షరాలతో ఓ మాట రాసి పంపారు, ఎలా పలకాలో తెలియక జవాబివ్వడానికే టెన్షన్ పడ్డాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

'వెల్ష్‌లో (కార్డిఫ్ ఉన్న వేల్స్ దేశపు భాష) డబ్ల్యూ అచ్చు కూడా అవుతుంది' అన్నవారిదే సరైన దారి. వెల్ష్ నేర్పే టీచర్‌ని అడిగితే అదే చెప్పారు: ఇక్కడ అది మన హ్రస్వ 'ఉ', కాబట్టి 'కుచ్', పుట్ అన్నట్టు పొట్టిగా, 'కూచ్' అని సాగదీయకూడదు. మొదట్లో నేను 'క్వాచ్' అనుకున్నాను. ఆవిడ రాసింది టైపింగ్ తప్పేమో, ఫోన్ ఆటోకరెక్ట్ గొడవేమో అని కొందరన్నారు, అవేవీ కాదు.

అర్థం హగ్, కడల్ లాంటిదే. కానీ దక్షిణ వేల్స్‌లో ఇదే మాటకి మెట్ల కింద ఉండే చిన్న అర అని, బొగ్గు దాచుకునే చోటు అని కూడా అర్థం ఉందట. అందుకే ఇందులో దగ్గరికి తీసుకోవడంతో పాటు భద్రంగా దాచుకోవడం కూడా వినిపిస్తుంది, నాకైతే స్నగల్ కన్నా మన 'అక్కున చేర్చుకోవడం' దీనికి దగ్గరగా అనిపించింది.

నిన్న పాపే వెళ్లి ఆవిడని 'కుచ్?' అని అడిగింది. ఆవిడ గట్టిగా హత్తుకుని చాలాసేపు వదల్లేదు.