రాకెట్ క్రయో పని చేసిన ఊరికి హీలియం లైను కష్టమా?

జీడిమెట్ల ఫ్యాబ్రికేటర్:
మాది పదిహేను మందితో నడిచే స్టెయిన్‌లెస్ షాపు. పదకొండేళ్లుగా నైట్రోజన్ ట్యాంకులు, వాక్యూమ్ జాకెట్ పైపులు (రెండు గొట్టాల నడుమ గాలి తీసేసినవి) చేస్తున్నాం. పోయిన నెల ఒక యాక్సిలరేటర్ (కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రం) ప్రాజెక్టువాళ్లు ద్రవ హీలియం మోసే ట్రాన్స్‌ఫర్ లైన్ స్పూల్స్‌కి (పైపు ముక్కలకి) కొటేషన్ అడిగారు. "బాలానగర్‌లో రాకెట్ క్రయోజెనిక్ ఇంజన్ల భాగాలే చేస్తున్నారు, మనకి ఒక పైపు ఎంత పని" అంటాడు మా పార్ట్‌నర్. నాకు మాత్రం ధైర్యం చాలట్లేదు. తీసుకోవాలా, వదిలేయాలా? పని తెలిసినవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి డిజైనర్:
కళ్లు మూసుకుని తీసుకోండి అన్నా. రాకెట్‌లో వాడే ద్రవ హైడ్రోజన్ 20 కెల్విన్, హీలియం 4.2. అదే 316ఎల్ స్టెయిన్‌లెస్, అదే టిగ్ వెల్డింగ్. జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబ్‌లో ఉన్న పెద్ద యాక్సిలరేటర్ ఎల్‌హెచ్‌సీ అయస్కాంతాలను మోసే జాక్‌లు దాదాపు ఏడు వేలు మన దేశంలో చేసి పంపినవే. ఫ్రాన్స్‌లో కడుతున్న ఫ్యూజన్ రియాక్టర్ ఇటర్‌కి క్రయోలైన్లు (అతిచల్లని ద్రవాల పైపులు) గుజరాత్ షాపుల్లో తయారయ్యాయి. వాళ్లు మాత్రం పుట్టుకతో నేర్చుకుని వచ్చారా?

మౌలాలి రిటైర్డ్:
బాబూ, 20కీ 4కీ మధ్య 16 డిగ్రీలే కదా అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు. పైపులోకి 1 వాట్ వేడి చొరబడిందనుకో, గంటకు ద్రవ నైట్రోజన్ 22 మిల్లీలీటర్లు ఆవిరవుతుంది. అదే వాట్‌కి హీలియం 1.4 లీటర్లు పోతుంది. అరవై రెట్లు! పైగా ఆ ఒక్క వాట్‌ని 4.5 కెల్విన్ దగ్గర తోడెయ్యడానికి పెద్ద ప్లాంట్లు కూడా 220 నుంచి 250 వాట్ల కరెంటు తాగుతాయి. అంటే లోపలి పైపుని పట్టి ఉంచే మీ స్పేసర్ ఒకటి వంకరగా కూర్చుంటే అవతలివాళ్లు ఆ బిల్లు ఏళ్ల తరబడి కడుతూనే ఉండాలి.

రాకెట్‌తో పోలిక కూడా నాకు నచ్చలేదు. రాకెట్ ఇంజన్ నిమిషాల్లో తన పని ముగిస్తుంది. అది గొప్ప పనే, కాదనను. యాక్సిలరేటర్ లైను మాత్రం ఏళ్లపాటు చల్లబడుతూ, వెచ్చబడుతూ ఉండాలి. స్టెయిన్‌లెస్ గది వేడి నుంచి అక్కడిదాకా దిగేసరికి మీటరుకి 3 మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది. పది మీటర్ల లోపలి పైపు 30 మిల్లీమీటర్లు లాక్కుంటుంటే బయటి జాకెట్ కదలకుండా ఉంటుంది. ఆ తేడా అంతా మోసేది బెల్లోస్, అంటే సాగే ముడతల గొట్టం. మీ షాపులో బెల్లోస్ లెక్కలు ఎవరు వేస్తారు?

నాచారం ఫోర్‌మన్:
నేను ఇరవై ఏండ్ల సంది టిగ్ కొడుతున్న సార్. మా చేతికి వెల్డింగ్ వస్తది, మాన్పాల్సింది అలవాట్లు. లోపలొకటి బయటొకటి, రెండు దిక్కుల కొడితే గట్టిగుంటదని మాకు నేర్పిన్రు. వాక్యూమ్ పనిల అదే తప్పు. రెండు వెల్డింగుల నడుమ గాలి ఇరుక్కుంటది, సన్న సందు నుంచి నెలల తరబడి లోపలికి వస్తనే ఉంటది. బయటి నుంచి హీలియం కొట్టి చూస్తే లీక్ డిటెక్టర్ కదలదు, పంపు చూస్తే వాక్యూమ్ దించదు. ఒక జాబ్‌ల నాలుగు దినాలు ఎతికినం. ఆఖరికి కోసి చూస్తే గదే. అప్పటి సంది వాక్యూమ్ దిక్కు నిండు వెల్డింగ్, బయట బలం కావాలంటే అక్కడక్కడ స్టిచ్, అంతే.

ఇంకో ముచ్చట. మామూలుగ పాసైన బెల్లోస్ జాయింటు మీద నైట్రోజన్ పోయంగనే లీకైంది. వెచ్చబడంగనే మళ్ల బంద్. సల్లగున్నప్పుడు చూడకపోతే అది గట్లనే సైటుకు పోతుండె.

సంగారెడ్డి ఎం.టెక్:
అందరూ పైపు గురించే మాట్లాడుతున్నారు. జాకెట్ రిలీఫ్ (ఒత్తిడి పెరిగితే గ్యాస్‌ని బయటికి వదిలే దారి) సైజు ఎవరు తేలుస్తారు? 2008 సెప్టెంబర్ 19న ఎల్‌హెచ్‌సీలో రెండు అయస్కాంతాల మధ్య కరెంటు జాయింటు ఒకటి పాడై ఆర్క్ కొట్టింది, హీలియం గోడకు చిల్లు పడింది. ద్రవ హీలియం గ్యాసై ఇన్సులేషన్ వాక్యూమ్‌లోకి దూకింది. అంత వేగానికి అక్కడి రిలీఫ్‌లు చాలలేదు, ఒత్తిడికి అయస్కాంతాలు స్టాండ్ల మీద నుంచి జరిగిపోయాయి. దాదాపు 6 టన్నుల హీలియం పోయింది. 53 అయస్కాంతాలు సొరంగం నుంచి పైకి తెచ్చారు, యంత్రం మళ్లీ నడిచేసరికి 2009 నవంబర్. మొదలైంది కరెంటు జాయింటులోనే అయినా, నష్టం అంత దూరం పాకింది గ్యాస్‌కి దారి చాలకే. అందుకే డ్రాయింగులో ఆ రిలీఫ్ డిస్క్‌ని చిల్లర సామానుగా చూడకండి.

కూకట్‌పల్లి డిజైనర్:
మౌలాలి సార్, మీ అంకెలన్నీ ఒప్పుకుంటా. కానీ భయపడి ప్రతి షాపూ వెనక్కి తగ్గితే ఏమవుతుంది? అమెరికాలో ఫెర్మీల్యాబ్ కడుతున్న పిప్-2 యాక్సిలరేటర్‌కి హీలియం ప్లాంటు ఇవ్వడం మన అణుశక్తి విభాగం వాటా. ఆ ప్లాంటు తయారు చేసింది ఫ్రాన్స్ కంపెనీ ఎయిర్ లిక్విడ్. డబ్బు మనది, పనితనం వాళ్లది. నాకు అది బాధగానే ఉంటుంది. హీలియాన్ని చల్లబరిచే కోల్డ్ బాక్స్, టర్బైను ఇప్పుడే చేయలేం, నిజమే. స్పూల్ కూడా చేయకపోతే టర్బైను ఎప్పుడు చేస్తాం?

మౌలాలి రిటైర్డ్:
నేను వద్దనలేదు, ఆ ధరకి వద్దంటున్నాను. నైట్రోజన్ పైపు రేటుకి కొటేషన్ ఇస్తే లీక్ టెస్టు దగ్గరే మునుగుతారు. ఇలాంటి జాయింట్లకి సాధారణంగా అడిగే హద్దు సెకనుకి మిల్లీబార్ లీటరులో వంద కోట్లవ వంతు. ఆ లెక్కన ఒక ఘన సెంటీమీటరు గ్యాస్ కారడానికి ముప్పై ఏళ్లు దాటాలి. కార్బన్ స్టీలు మీద వాడిన గ్రైండింగ్ చక్రం ఆ షెడ్డులోకి రాకూడదు. ఎంఎల్‌ఐ (వేడిని ఆపే మెరుపు రేకుల) పొరలు అందంగా ఉంటాయని బిగించి చుట్టకూడదు, బిగిస్తే వేడి పాకుతుంది. వీటన్నిటికీ మనిషి గంటలు లెక్కేసుకున్నారా?

జీడిమెట్ల ఫ్యాబ్రికేటర్:
వేసుకోలేదు సార్, రాత్రి కూర్చుని మళ్లీ వేశాను. నైట్రోజన్ రేటుకి రెండింతలు దాటింది. మొత్తం ఆర్డరు కాకుండా ముందు ఒక్క స్పూల్ చేస్తామని రాస్తున్నాను: లీక్ డిటెక్టర్ అద్దెకు, చల్లార్చి వెచ్చబెట్టడం మూడుసార్లు, ప్రతిసారీ చల్లగా ఉండగానే పరీక్ష. బెల్లోస్ లెక్క, రిలీఫ్ సైజు రాతపూర్వకంగా వాళ్లే ఇవ్వాలి. పార్ట్‌నర్ ఇంకా ఒప్పుకోలేదు, రేటు చూసి ఆర్డరు చేజారుతుందంటున్నాడు. నాచారం అన్నా, మొదటి స్పూల్ వెల్డింగ్ రోజు మీరొకసారి షాపుకి రాగలరా?

నాచారం ఫోర్‌మన్:
ఐతారం వస్త. కొత్త గ్లౌజులు తెప్పియ్యిరి, వట్టి చేతులతోని లోపలి పైపు ఎవ్వరు ముట్టొద్దు.