శుక్రవారం పార్టీకి బులెవార్డియే ఎలా కలపాలి? (గాజువాక నుంచి షికాగో వచ్చిన తమ్ముడికి)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. గాజువాక నుంచి ఉద్యోగానికని షికాగో వచ్చాను. శుక్రవారం టీమ్ లీడ్ ఇంట్లో పార్టీ. తలా ఒక డ్రింక్ కలపాలట, నా వంతుకు బులెవార్డియే వచ్చింది. విస్కీలో సోడా పోసుకోవడం తప్ప నాకేమీ తెలీదు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, కంగారు పడకు. నేను చాలాకాలం అక్కడుండి ఇప్పుడు వైజాగ్ వచ్చేశాను గానీ ఈ డ్రింక్ మీద ఇష్టం మాత్రం పోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కావాల్సినవి మూడే: బర్బన్ విస్కీ (మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) 45 మి.లీ., కంపారి (ఎర్రటి, చేదు ఇటాలియన్ లిక్కర్) 30, ఎర్రటి స్వీట్ వెర్మూత్ 30. పారిస్‌లో ఇదే పేరుతో పత్రిక నడిపిన ఎర్స్కిన్ గ్విన్ అనే అమెరికన్ తాగే డ్రింక్ ఇది. 1927లో పారిస్ బార్ యజమాని హ్యారీ మెకెల్హోన్ తన పుస్తకంలో దీన్ని అచ్చు వేసినప్పుడు మూడూ సమపాళ్లే. అలా కలిపితే కంపారి చేదు విస్కీని మింగేస్తుంది. నువ్వు పైన చెప్పిన కొలతతోనే మొదలుపెట్టు.

మనవాళ్లు పట్టించుకోనిది వెర్మూత్‌ని. కాకరకాయ పులుసులో బెల్లం చేసే పని ఇక్కడ అది చేస్తుంది. అది మూలికలు వేసి, కాస్త స్పిరిట్ కలిపిన వైన్. విస్కీలాగా అలమరలో పెడితే పాడైపోతుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచి, నెలా రెండు నెలల్లో వాడేయాలి. అందుకే 375 మి.లీ. చిన్న సీసా కొను. ఖరీదైన విస్కీ మాత్రం వద్దు, కంపారి పక్కన దాని రుచి తెలీదు. 45 నుంచి 50 శాతం ఆల్కహాల్ ఉన్న మామూలు బర్బన్ తీసుకో. 40 శాతంది ఐస్ కరిగేసరికి తేలిపోతుంది.

ఇందులో జ్యూస్ లేదు కాబట్టి షేక్ చేయొద్దు. పెద్ద గ్లాసు నిండా ఐస్ వేసి, మూడూ పోసి, పొడుగు స్పూన్‌తో అంచు వెంబడే అర నిమిషం తిప్పు. గ్లాసు బయట చెమ్మ పట్టి వేళ్లు జివ్వుమంటుంటే ఆపి, కొత్త ఐస్ మీదకి వడగట్టు. తర్వాత ఆరెంజ్ తొక్క. తెల్ల పొర రాకుండా పీలర్‌తో బొటనవేలంత ముక్క తీసి, రంగున్న వైపు డ్రింక్ మీదకి తిప్పి, మడిచి నొక్కు. సన్నటి తుంపర పడి, పైన నూనె మెరుస్తుంది. ఆ వాసన లేకపోతే ఈ డ్రింక్ సగమే.

మార్పులంటావా, బర్బన్ బదులు రై అనే ధాన్యంతో చేసే విస్కీ వేస్తే ఘాటు పెరుగుతుంది. నాకు అదే ఇష్టం. రైతో స్వీట్ వెర్మూత్ బదులు తీపి తక్కువుండే డ్రై వెర్మూత్ వేస్తే అది ఓల్డ్ పాల్ అనే వేరే డ్రింక్. చేదు పడనివాళ్లకు కంపారి స్థానంలో అపెరోల్ పొయ్యి, అది అలాంటిదే గానీ చేదు తక్కువ. ఇంటి నుంచి అరకు కాఫీ గింజలు తెచ్చుకున్నావా? అయితే ఓ గుప్పెడు గింజలు, పొడి కాదు, కప్పు కంపారిలో నాలుగైదు గంటలు నానబెట్టి వడగట్టు. కాఫీ చేదు, కంపారి చేదు ఒకదానికొకటి భలే కుదురుతాయి. మీ టీమ్‌లో ఎవరూ అలాంటిది తాగి ఉండరు.

ఒక్క గ్లాసులోనే అక్కడి లెక్కన దాదాపు రెండు డ్రింకుల ఆల్కహాల్ ఉంటుంది. మన క్వార్టర్ లెక్కలో తాగకు. పక్కన ఉప్పు జీడిపప్పు పెట్టుకుని నిదానంగా తాగు.

మరో జవాబు, న్యూజెర్సీ నుంచి:
శాకాహారులు అడుగుతారేమో. కంపారి ఎరుపు ఒకప్పుడు కొచినీల్ పురుగుల నుంచి వచ్చేది. 2006 తర్వాత అమెరికాలో అమ్మేదాంట్లో అది లేదు.

ప్రశ్న:
చాలా థాంక్స్ అక్కా. ఇంట్లోనే కలిపి సీసాలో పట్టుకెళ్లొచ్చా?

జవాబు:
శుభ్రంగా పట్టుకెళ్లొచ్చు. ఆరుగురికి విస్కీ 270, కంపారి 180, వెర్మూత్ 180 కలుపు. ఐస్ కరిగి రావాల్సిన నీళ్లు కూడా ముందే పోయాలి, 120 మి.లీ. సరిగ్గా 750 సీసా నిండుతుంది. ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టు, తొక్క మాత్రం అక్కడే తియ్యి. సీసాని కారు డిక్కీలో పెట్టు, సీటు దగ్గర మూత తీసిన సీసా ఉంటే నేరం. తిరిగొచ్చేటప్పుడు నువ్వు నడపొద్దు, క్యాబ్ తీసుకో. తాగి నడిపిన కేసులో శిక్ష పడక్కర్లేదు తమ్ముడూ, అరెస్టు అయితేనే వీసా రద్దు చేయగలరు.