జీతం లేని 'పని అనుభవం' ఎన్నాళ్లు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది గాజువాక. మా చెల్లికి వితంతు పింఛను నెలకు 4,000 వస్తుంది, ఇద్దరు పిల్లలు. ఉచిత శిక్షణలో కంప్యూటర్ బిల్లింగ్ నేర్చుకుంది. తర్వాత 'పని అనుభవం' అని ద్వారకానగర్‌లో ఒక షాపుకి పంపారు. మూడు నెలలన్నారు, ఇప్పుడు ఐదో నెల. పైసా ఇవ్వలేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి వెళ్లగలుగుతోంది.

ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా కౌంటర్ దగ్గర నిలబడే ఉంటుంది. ఇంటికొచ్చాక పాదాల మీద చెప్పుల పట్టీ అచ్చు అలాగే దిగిపోయి కనిపిస్తుంది. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇది నేర్పించడం కాదు, పని చేయించుకోవడమే.

1961 అప్రెంటిస్ చట్టం కింద చేరితే రాతపూర్వక ఒప్పందం, నెలనెలా స్టైపెండ్ ఉండాలి కదా? తనకు కాగితమే లేదు. అడిగితే సర్టిఫికెట్ ఇవ్వరేమోనని భయపడుతోంది. మానేస్తే పింఛను ఆగిపోతుందని ఎవరో చెప్పారట, అదే పెద్ద టెన్షన్.

విశాఖలో ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఉన్నారా? ముందు కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాలా, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టాలా? రుజువుగా ఏమేం దాచుకోవాలి? దయచేసి చెప్పండి.