26 ఏళ్ల టూల్‌రూం పని తర్వాత రాజీనామా పత్రంపై సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: బాలానగర్ టూల్‌మేకర్

అందరికీ నమస్కారం. నా వయసు 49 ఏళ్లు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేసి, 1999లో బాలానగర్‌లో ప్రెస్ టూళ్లు (లోహపు రేకును కోసే, వంచే అచ్చులు) తయారుచేసే ఒక కంపెనీలో హెల్పర్‌గా చేరాను. నాలుగేళ్లకు బెంచి మీదికి, ఆ తర్వాత ఆ అచ్చుల భాగాలను సరిగ్గా అమర్చే డై ఫిట్టింగుకు వచ్చాను. మరో కంపెనీలో పనిచేసి ఎరుగను.

పోయిన శనివారం షిఫ్టు ముగిసే వేళకు నన్నూ, మరో 11 మందినీ ఆఫీసు గదిలోకి పిలిచి, పెద్ద కస్టమర్ ఆర్డర్లు ఆపేశాడనీ, సోమవారం నుంచి రానక్కరలేదనీ చెప్పారు. ముందే టైపు చేయించి ఉంచిన కాగితాలు చేతికిచ్చారు. "సొంత కారణాల వల్ల స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను" అని అందులో ఉంది. సంతకం పెడితే పది రోజుల్లో గ్రాట్యుటీ, దాంతోపాటు రెండు నెలల జీతం ఇస్తారట. పెట్టకపోతే ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుందట. ఐదుగురు అక్కడికక్కడే సంతకం పెట్టారు. నేను ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. గురువారం వరకు గడువిచ్చారు.

నా జీతం 31,000 రూపాయలు. అందులో మూలవేతనం, డీఏ కలిపి 20,800. రెండేళ్ల కిందట నా ఐడీ కార్డు మీద హోదాను "టూల్‌రూం సూపర్‌వైజర్" అని మార్చారు గానీ జీతం పెరగలేదు, పనీ మారలేదు. ఆ రోజు కూడా నేను బెంచి మీదే ఉన్నాను. ఒక బ్లాంకింగ్ టూల్‌లో పైనుంచి దిగి రేకును కోసే పంచికీ, కింద రంధ్రం ఉండే డైకీ మధ్య గ్యాపు ఒక వైపు సరిచూసి, రెండో వైపు సోమవారం చూద్దామని నూనె గుడ్డ కప్పి వచ్చాను. రాత్రి మెలకువ వస్తే ముందు ఆ టూలే గుర్తుకు వస్తోంది.

ఇంట్లో నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, అబ్బాయి ఇంటర్ చదువుతున్నారు. తెలిసిన ఏజెంటు ఒకాయన 1,20,000 కడితే నెలలో ఖతార్ పంపిస్తానంటున్నాడు. సంతకం పెట్టాలా, వద్దా? ఈ వయసులో నన్ను ఎవరు తీసుకుంటారు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1: పాత యూనియన్ కార్యకర్త

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఆ గదిలో నువ్వు గడువు అడిగి బయటికి రావడమే నీకు జరిగిన మేలు.

వాళ్లు ఇస్తామంటున్నదేమిటో, ఆ సంతకంతో నీ దగ్గర నుంచి పోయేదేమిటో విడివిడిగా చూడు. ఐదేళ్ల సర్వీసు దాటిన కార్మికుడు రాజీనామా చేసినా, తీసేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే, అదీ 30 రోజుల్లో ఇవ్వాల్సిందే. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. మూలవేతనం, డీఏలను 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణిస్తే వచ్చేదే గ్రాట్యుటీ. నీ లెక్కలో రోజుకు 800, ఏడాదికి 12,000, మొత్తం 3,12,000. ఇది 26 ఏళ్లుగా నువ్వు సంపాదించుకున్న సొమ్ము. దాన్ని సంతకానికి బదులుగా ఇస్తామనడం సరైన మాట కాదు.

పని లేదని యజమానే తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. అప్పుడు కారణాలు రాసి నెల రోజుల నోటీసు గానీ, నెల వేతనం గానీ ఇవ్వాలి. సర్వీసులో ప్రతి పూర్తి ఏడాదికీ 15 రోజుల సరాసరి వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. అలవెన్సులన్నీ వదిలేసి 20,800 మీదే లెక్క వేసుకున్నా పరిహారం 2,70,400 అవుతుంది. దీనికి నోటీసు వేతనం కలుస్తుంది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కనుక, తీసేసిన కార్మికుడి ఖాతాలో పునఃశిక్షణ కోసం మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లోపు జమ కావాలి. అన్నీ కూడితే మూడు లక్షల పైచిలుకు. "స్వచ్ఛందంగా" అన్న ఒక్క మాటకు సంతకం పెడితే ఇదంతా పోతుంది, బదులుగా వచ్చేది 62,000. ఏడాదిలోపు అదే పనికి వాళ్లు మళ్లీ మనుషులను తీసుకుంటే ముందు నిన్ను పిలవాలన్న హక్కు కూడా దాంతోనే పోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నీ హోదా మార్పు. నెలకు 18,000 దాటిన వేతనంతో సూపర్‌వైజర్ పని చేసేవారు చట్టం దృష్టిలో కార్మికులు కారు, వారికి ఈ పరిహారం వర్తించదు. జీతం పెంచకుండా, పని మార్చకుండా కార్డు మీద పేరు మాత్రం మార్చడం నేను చాలాచోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు మండింది. అయితే కోర్టులు హోదా పేరును పట్టుకోవు, ఆ మనిషి నిజంగా చేసిన పనిని చూస్తాయి. అందుకని నీ చేతిరాత ఉన్న జాబ్ కార్డులు, టూల్ హిస్టరీ షీట్లు, హాజరు పంచింగ్ రికార్డు, ఓవర్‌టైం స్లిప్పులు ఏవి ఉన్నా, సెల్‌ఫోన్‌లో ఫొటోలుగా ఉన్నా సరే, అన్నీ ఒకచోట చేర్చుకో. నువ్వు ఎవరికీ సెలవు మంజూరు చేయలేదనీ, ఎవరి మీదా చర్య తీసుకోలేదనీ చెప్పగల తోటివారి పేర్లు రాసిపెట్టుకో. నీకంటే తర్వాత చేరిన డై ఫిట్టర్లను ఉంచుకున్నారేమో కూడా కనుక్కో. ఒకే కేటగిరీలో చివర వచ్చినవారిని ముందు పంపాలన్నది నియమం, దానికి భిన్నంగా చేస్తే యజమాని కారణాలు రాసి చూపాలి.

గురువారం ఆగకుండా రేపే ఒక ఉత్తరం రాయి. "పనికి రావద్దని ఫలానా తేదీన నోటిమాటగా చెప్పారు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను, రాజీనామా చేయడం లేదు" అని మూడు వాక్యాలు చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. జవాబు రాకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ కార్యాలయం ఉంది. నీ ప్రాంతం ఏ అధికారి కిందికి వస్తుందో అక్కడ అడిగి ఫిర్యాదు ఇవ్వు. ఆ అంజయ్య గారు కూడా ఆల్విన్‌లో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి అయినవారు. వ్యక్తిగత వివాదానికి కాలపరిమితి ఉంటుంది, కాబట్టి నెలలు గడవనివ్వకు. సంతకం పెట్టిన ఆ ఐదుగురికీ కూడా చెప్పు, ఒత్తిడితో పెట్టించుకున్నారని వారు వెంటనే రాసి పంపితే వారికీ దారి మూసుకుపోదు.

పీఎఫ్ విషయం. మొత్తం తీసేయాలన్న ఆలోచన వద్దు. పదేళ్లు దాటింది గనుక పెన్షన్ నీ హక్కు, 58 ఏళ్లకు వస్తుంది. ఖాతాలో సొమ్ముకు వడ్డీ పడుతూనే ఉంటుంది. కంపెనీ నువ్వు మానేసిన తేదీ నమోదు చేయకపోయినా, చివరి చందా పడిన రెండు నెలలకు నువ్వే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. ఒకవేళ వాళ్లే నమోదు చేస్తే, కారణం కింద రాజీనామా అని రాశారేమో తప్పక చూసుకో.

సమాధానం 2: కుషాయిగూడ మెషినిస్టు

అన్నా, పై పెద్దాయన చెప్పిందంతా చేయండి. మీ రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే 47వ ఏట నాకూ ఇలాగే జరిగింది.

మొదటి నెల నేను చేసిన తప్పు, కనిపించిన ప్రతి గేటు దగ్గరా "పని ఉందా" అని అడగడం. వయసు అడిగేవారు, సీఎన్‌సీ (కంప్యూటరు ప్రోగ్రాంతో నడిచే మెషిన్) వచ్చా అనేవారు, నంబరు రాసుకుని పంపేసేవారు. చర్లపల్లిలో ఒక చిన్న ప్రెస్ షాపులో మాత్రం మాట వేరుగా మొదలైంది. యజమాని 1.6 మిల్లీమీటర్ల షీటు మీద వాషర్లు కొట్టిస్తూ, ఒక అంచున బర్ (గరుకు మొన) వస్తోందని విసుగ్గా ఉన్నాడు. పంచిని అప్పటికే మూడుసార్లు గ్రైండింగ్ చేయించాడట. నేను జేబులోని బస్ టికెట్టు కాగితం పంచికీ డైకీ మధ్య పెట్టి, ప్రెస్సును చేత్తో కిందికి తిప్పించాను. ఒక వైపు కాగితం బ్లేడుతో కోసినట్టు తెగింది, ఎదురు వైపు నలిగి, పీచులా చిరిగింది. లోపం అంచులో లేదు, టూల్ ఒక పక్కకు జరిగింది. ఆ మందానికి ఒక్కో వైపు సుమారు 0.08 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఒక వైపు దాదాపు ఏమీ లేదు, రెండో వైపు రెట్టింపు ఉంది. టూల్ భాగాలను కదలకుండా పట్టి ఉంచే డోవెల్ పిన్ను రంధ్రం అరిగిపోయింది. దాన్ని రీమర్‌తో నునుపుగా పెద్దది చేసి, పెద్ద సైజు పిన్ను వేసి, సందు సమానంగా సర్ది ఇచ్చేసరికి సాయంత్రం ఐదయింది. ఆయన నా వయసు అడగలేదు. మర్నాడు మరో మూడు టూళ్లు బయటికి తీశాడు.

అప్పటి నుంచి నేను అడిగే మాట మారింది. "మీ దగ్గర ఏ టూల్ ఎక్కువసార్లు గ్రైండింగుకు పోతోంది?" అని అడుగుతాను. అలా అడిగితే మనం ఏమిటో వాళ్లకు తెలుస్తుంది. మీరు చేసిన టూళ్ల ఫొటోలు, వాటితో వచ్చిన పీసులు నాలుగైదు ఒక డబ్బాలో పెట్టుకుని వెళ్లండి. 26 ఏళ్లు ఒకే చోట పనిచేసిన మనిషి చేతి పని ఆ గోడల బయట ఎవరికీ తెలియదు. మనకున్న కష్టమల్లా అదే.

సీఎన్‌సీ మాటా దాటవేయలేం. నేను నా కొడుకు వయసున్న సెట్టర్ దగ్గర ఆరు వారాలు కూర్చుని ప్రోగ్రాం చదవడం, ఆఫ్‌సెట్ (కోత పనిముట్టు కొలత సవరణ) ఇవ్వడం నేర్చుకున్నాను. మొదటి వారం సిగ్గుగానే అనిపించింది. కానీ ఇన్సర్టు (కోసే మొన) అరిగిపోతున్నప్పుడు వచ్చే శబ్దం అతని కంటే ముందు నేను పట్టేవాణ్ణి. అతను నాకు కోడ్ చెప్పేవాడు, నేను అతనికి లోహం చెప్పేవాణ్ణి. మీకు మరో సౌకర్యం ఉంది. 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీ బాలానగర్‌లోనే ఉంది. డిప్లొమాలే కాకుండా స్వల్పకాలిక కోర్సులూ నడుపుతారు. వెళ్లి వైర్‌కట్ (సన్నని తీగతో లోహం కోసే పద్ధతి), సీఎన్‌సీ మిల్లింగ్ గురించి అడగండి.

సెటిల్‌మెంట్ డబ్బుతో వెంటనే సొంత షాపు పెట్టమని చాలామంది చెబుతారు. ఏడాది వరకు వినవద్దు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతున్నా, గట్టిగా అడిగితే తర్వాతి ఆర్డరు రాదన్న భయంతో మూడు నెలలు ఆగేవాళ్లే మన చుట్టూ ఎక్కువ. అద్దె మాత్రం ఒకటో తారీఖున కట్టాల్సిందే. ముందు వేరేవాళ్ల షాపుల్లో టూల్ రిపేరు చేసి ఇవ్వండి, కస్టమర్లు ఏర్పడ్డాక మెషిన్ సంగతి చూడవచ్చు. నిజం చెప్పాలంటే నాకు మొదటి నాలుగు నెలలూ పాత జీతంలో సగమే వచ్చింది. ఇప్పుడు పాత జీతం దాటాను, కానీ అందుకు రెండేళ్లు పట్టింది.

సమాధానం 3: జగిత్యాల వెల్డర్

అన్నా, ఖతార్ గురించి మాత్రమే రాస్తున్నాను. నేను గల్ఫ్‌లో 9 ఏళ్లు పనిచేసి వచ్చాను. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. 1,20,000 అడిగాడంటేనే అనుమానించాలి. అతని లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో మీరే చూడండి. నంబరు చెప్పకుండా "నా మీద నమ్మకం లేదా" అంటే అక్కడితో మాట ఆపేయండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామంటే అసలే ఒప్పుకోకండి. అలా వెళ్లిన మా ఊరివాళ్లు ఇద్దరు పని లేక, తిరిగి రాలేక ఏడు నెలలు ఒకే గదిలో ఉండిపోయారు. వెళ్లాలనే ఉంటే విదేశీ ఉద్యోగాలకు పంపే సంస్థ తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ పేరు నమోదు చేసుకోండి.

సమాధానం 4: ఒక ఫిట్టర్ కూతురు

బాబాయ్ గారూ, మీ అమ్మాయికి ఇంకా చెప్పలేదని రాశారు. అందుకే ఇది రాయాలనిపించింది. మా నాన్నగారి ఫ్యాక్టరీ మూతపడినప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. నాకు తెలియకూడదని ఆయన, అమ్మ అనుకున్నారు. కానీ ఎప్పుడూ ఆదివారం మాత్రమే తీసే వెర్నియర్ కాలిపర్‌ను ఆయన రోజూ సాయంత్రం తీసి, తుడిచి, నూనె రాసి మళ్లీ పెట్టెలో పెట్టేవారు. ఇంట్లో ప్రతి తలుపు బందుకూ నూనె వేశారు. ఏదో జరిగిందని నాకు అర్థమైంది. ఏమిటో తెలియక, ఆయనకు ఏదైనా జబ్బేమోనని నెల రోజులు భయపడ్డాను.

చివరికి అమ్మ చెప్పింది. ఆ రాత్రే ముగ్గురం కూర్చుని అద్దె, చిట్టీ, ఫీజు, కిరాణా అన్నీ ఒక కాగితం మీద రాశాం. చిట్టీ మధ్యలో ఆపకూడదనీ, స్కూటీ అమ్మేయవచ్చనీ నేనే అన్నాను. సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టాను. నాన్నగారు ఆ కాగితాన్ని బీరువా తలుపుకు అంటించారు. ఆ రోజు నుంచే ఆయన మళ్లీ భోజనం సరిగ్గా చేశారు. మీ అమ్మాయికి ఈ వారమే చెప్పండి, బాబాయ్ గారూ. బయటివాళ్ల నోట వింటే మరింత బాధపడుతుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

పెద్దాయనకూ, అన్నలకూ, అమ్మాయికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఉత్తరం నిన్ననే స్పీడ్ పోస్టులో పంపాను, సంతకం పెట్టలేదు. నాతోపాటు మరో నలుగురు పంపారు. ముందే సంతకం పెట్టినవారిలో ఇద్దరు కూడా ఒత్తిడి గురించి రాసి ఇచ్చారు. నాకంటే తర్వాత, ఆరేళ్ల కిందట చేరిన ఇద్దరు డై ఫిట్టర్లను ఉంచుకున్నారని తెలిసింది. నా పాత సెల్‌ఫోన్‌లో జాబ్ కార్డుల ఫొటోలు 40 దాకా దొరికాయి, అన్నింటి మీదా నా చేతిరాతే ఉంది. ఏజెంటు లైసెన్సు నంబరు ఇవ్వలేదు, ఆ మాట అక్కడితో వదిలేశాను.

అమ్మాయికి నిన్న రాత్రి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చి, నేను చేసిన టూళ్ల ఫొటోలన్నీ ఇవ్వమంది. ఒక్కో దాని కింద ఏమి రాయాలో నేను చెబుతుంటే తను టైపు చేసింది. రాత్రి ఒంటిగంట వరకు 17 పూర్తయ్యాయి.

కుషాయిగూడ అన్నగారిని ఒక్కటే అడగాలి. శుక్రవారం జీడిమెట్లలో ఒక షాపువాళ్లు ట్రయల్‌కు రమ్మన్నారు. రెండు దశల ప్రోగ్రెసివ్ టూల్ (రేకు పట్టీ ఒక్కో దశకూ జరుగుతూ పని పూర్తయ్యేది), ఆ పట్టీ, అంటే స్ట్రిప్పు, రెండో దశలో ఒక పక్కకు లాగుతోందట. నేను స్ట్రిప్పును సరైన చోట నిలిపే పైలట్ పిన్నులు ముందు చూద్దామనుకుంటున్నాను. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

సమాధానం 5: కుషాయిగూడ మెషినిస్టు

పైలట్ల కంటే ముందు రెండు పక్కలా ఉండే గైడ్ పట్టాల మధ్య స్ట్రిప్పుకు ఎంత వదులు ఉందో ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నని రేకులతో) చూడండి అన్నా. తర్వాత కాయిల్ (చుట్టగా వచ్చే రేకు) వెడల్పును నాలుగైదు చోట్ల కొలవండి. రేకును పట్టీలుగా కోసే స్లిట్టింగులోనే తేడా వస్తే టూల్‌ను విప్పి లాభం లేదు. ఆ రెండూ బాగుంటే అప్పుడు పైలట్లు. శుక్రవారం పదింటికి నేను జీడిమెట్ల వైపే ఉంటాను, వీలైతే గేటు దగ్గర కలుద్దాం.