'నిజం నిలకడ మీద తెలుస్తుంది': ఆ నిలకడ ఎవరిది?

అనంతపురం నుంచి (చర్చ మొదలుపెట్టినవారు):
మా వైపు పంచాయితీ తెగకపోతే పెద్దోళ్లు తువ్వాల దులుపుకుని "నిజం నిలకడ మీద తెలుస్తుందిలే" అని లేస్తారు. మొన్న మా పాప నోట్‌బుక్‌లో ఈ సామెతకు 'కాలమే నిజాన్ని బయటపెడుతుంది' అని అర్థం రాసుకుంది. గైడులో అట్లే ఉందంట. నాకు మనసొప్పలేదు. సామెతలో కాలం అన్న మాటే లేదు కదా, ఉన్నది నిలకడ. అది నిజం నిలకడా, కాలం నిలకడా, తెలుసుకునే మనిషి నిలకడా? వాక్యం చూస్తే మూడూ కుదిరేటట్టే ఉన్నాయి. ఏమంటారు?

ప్రొద్దుటూరు నుంచి:
నిజానిదే అన్నా, ఇందులో ఆలోచించేదేముంది. అబద్ధం చెప్పినోడు రెండోసారి అడిగితే ఇంకో మాట చెప్తాడు. నిజం చెప్పినోడి మాట మారదు. కోర్టులో లాయర్లు సాక్షిని తిప్పి తిప్పి అడిగేది అందుకే.

అనంతపురం:
అబద్ధమాడేవాడి సంగతి సరే. పొరపాటుగా నమ్మినవాడి సంగతేంది? వాడిని నూరుసార్లు అడిగినా మాట మార్చడు. నిజాయితీగానే చెప్తాడు, అయినా అది నిజం కాదు.

మా జిల్లా బోర్లనే తీసుకోండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. బోరు వేయడమంటే అప్పుతో పని. అందుకే ముందు పాయింట్ పెట్టించుకుంటారు, అంటే నీళ్లు ఎక్కడ పడతాయో చూపించుకుంటారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లున్నారు. కాయ దానంతటది లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. వేపపుల్లతో చూసేవాళ్లూ ఉన్నారు. ఈ నమ్మకానికున్న నిలకడ మా ఊళ్లో ఇంక దేనికీ లేదు! నీళ్లు పడితే పాయింట్ పెట్టినాయన పేరు నాలుగు ఊళ్లకు పాకుతుంది. పడకపోతే రైతు గమ్మున ఇంటికి పోతాడు, 'నా రాత' అనుకుంటాడు. పడినవే మన చెవిన పడతాయి, పడనివి లెక్కలోకే రావు. కాయలో మహిమ ఉందో లేదో తేలాలంటే ఆయన వద్దన్న చోట కూడా వేసి చూడాలి. అంత డబ్బు తగలేసేదెవరు సామీ? కావాలని పరీక్షలు పెట్టి చూసిన చోట మాత్రం ఈ విద్య గుడ్డి ఊహ కంటే మెరుగని తేలలేదు. కాబట్టి మాట నిలబడింది గదా అని నిజమనుకోలేం.

కర్నూలు నుంచి:
మీరు తవ్వుతున్నది చాలా పాత తగాదా సార్. దూరంగా నీళ్లు కనిపించాయి. నీళ్లా, ఎండమావా? పోయి తాగి చూడు, దప్పి తీరితే నువ్వు చూసింది నిజం, లేకపోతే భ్రమ అంటారు నైయాయికులు, అంటే న్యాయదర్శనం వైపున్న తార్కికులు. ఒక జ్ఞానం నిజమని బయటి నుంచి ఇంకొకటి వచ్చి చెప్పాలి. దీన్నే పరతః ప్రామాణ్యం అన్నారు.

కుమారిల భట్టు, ఆయన వెనకున్న మీమాంసకులు (వేదవాక్యాలకు అర్థం తేల్చే దర్శనం వాళ్లు) దీనికి ఒప్పుకోలేదు. దప్పి తీరిందన్నావే, అది తీరిందని నీకెట్లా తెలుసు? దాన్ని దేనితో పరీక్షిస్తావు? ఆ పరీక్షను మళ్లీ దేనితో? ఇట్లా పోతే అంతుండదు. అందుకని కలిగిన జ్ఞానాన్ని కలిగినట్టే నమ్ము, దాన్ని కొట్టేసేది ఇంకొకటి ఎదురైతే అప్పుడు వదులు అన్నారు. ఇది స్వతః ప్రామాణ్యం. నా ఓటు వీళ్లకే. లేకపోతే పొద్దున్నే గ్లాసు చేతికిస్తే ఇది కాఫీయేనా అని విచారణ పెట్టుకోవాల్సి వస్తుంది.

ఈ లెక్కన ప్రొద్దుటూరు తమ్ముడి మాటలోనూ పస ఉంది. కొట్టేసేది ఏదీ రాకుండా నిలబడిందే నిజం.

అనంతపురం:
కొట్టేసేది రాలేదా, ఎవరూ వెతకలేదా? బోరు విషయంలో జరిగింది రెండోది కదా సార్.

కడప నుంచి:
కాలం అన్న గైడుకు మా జిల్లాలోనే ఒక రాయి జవాబు చెప్తుంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుడి ఆవరణలోని శాసనం. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. పూర్తిగా తెలుగులో దొరికిన తొలి శాసనంగా దాన్నే చెప్పుకుంటున్నాం. దాని కాలం సుమారు 575 అంటారు. రాయి మీద మాత్రం సంవత్సరం లేదు. అక్షరాల తీరును తక్కిన శాసనాల లిపితో పోల్చి, రాజుల వరుసతో సరిచూసి కట్టిన లెక్క అది.

పద్నాలుగు వందల ఏళ్లు ఆ రాయి నిలబడే ఉంది. అంతకన్నా నిలకడ ఏం కావాలి? లిపి తెలిసినవాళ్లు వచ్చి, అచ్చు తీసుకుని, కూర్చుని చదివిందాకా అదేమీ చెప్పలేదు. పైగా కాలం చేసిన ఉపకారం ఏమిటంటే కొన్ని అక్షరాలను అరగదీసింది. ఆ అక్షరాల్లో ఏముందన్నది కూడా నిజమే, అది ఒకప్పుడు ఉంది. మనకు తెలిసే దారే లేదు. సామెత 'నిజం అవుతుంది' అనలేదు, 'తెలుస్తుంది' అంది. ఎవరికో ఒకరికి తెలియాలి కదా. ఆ 'ఎవరో' లేకుండా అర్థం చెప్తే ఎట్లా?

అనంతపురం:
ఇదే నేను చెప్పాలనుకున్నది. నా ఓటు మనిషికే. వాడుక చూసినా అంతే. నిలకడ లేని పిల్లోడు అంటాం, మాట మీద నిలకడ లేదంటాం. ఆసుపత్రిలో ఆరోగ్యం నిలకడగా ఉంది అన్నా చివరికి మనిషి సంగతే.

సుమతీ పద్యం గుర్తుందా?

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

ఇక్కడ 'వివరించడం' పక్కవాడికి విడమరచి చెప్పడం కాదు, విచారించి తేల్చుకోవడం. ఎవరు చెప్పినా వినమన్నాడు. తర్కశాస్త్రం మీద తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాసిన అన్నంభట్టు మనవాడే, ఆయన ఆప్తుడి (నమ్మదగినవాడి) మాటే ప్రమాణమన్నాడు. శతకకారుడు ఆ షరతు పెట్టకుండా తలుపు బార్లా తెరిచాడు. వద్దన్నది ఒక్క వేగపడటాన్నే. ఆ వేగపడటానికి ఎదురుమాట ఏదంటే నాకు నిలకడే తడుతుంది.

కర్నూలు:
అన్నంభట్టు దగ్గర చిన్న సవరణ. ఆయన లెక్కలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. విన్న మాటను ప్రమాణంగా పట్టుకోవడానికే ఆ షరతు, వినడానికి కాదు. కాబట్టి ఇద్దరికీ పేచీ లేదు.

మనిషి నిలకడంటే మాత్రం ఒప్పుకుంటా, మీమాంసకులకు వేసిన ఓటు వెనక్కి తీసుకోకుండానే. నైయాయికుల మూలగ్రంథం న్యాయసూత్రాల్లో పదహారు పదార్థాలు, అంటే తెలుసుకోవాల్సిన అంశాలు, వరసగా చెప్తారు. సంశయం మూడోది, నిర్ణయం తొమ్మిదోది. నడుమ ప్రయోజనం, దృష్టాంతం, సిద్ధాంతం, అవయవం, తర్కం ఉన్నాయి. మూడో దాని నుంచి నేరుగా తొమ్మిదో దానికి దూకడాన్నే సుమతీకారుడు వేగపడటం అన్నాడేమో.

ప్రొద్దుటూరు:
నేనింకా నిజం వైపే ఉన్నా సార్, బోరు దగ్గర మాత్రం కొంచెం తడబడ్డా. ఆ అయిదింటి గురించి విడిగా ఒక పోస్ట్ పెట్టండి. అవయవం అంటే కాళ్లూ చేతులే తెలుసు మాకు.